వంజరం వేపుడు, కుడివైపు బటన్

నిన్న మా ఇంటికొచ్చిన పెళ్లివారికి నెత్తళ్ల పులుసు ఎందుకు పెట్టాల్సి వచ్చిందో చెప్తాను. మధ్యలో నవ్వకండి. నవ్వేది చివర్లో, అదీ నా మీదే.

మా బావ, అంటే అక్క మొగుడు, జంగ్లీఘాట్ రేవులో చేపలు అమ్ముతాడు. ఆర్డర్ల కోసం ఆయనకి యాప్ చేసిచ్చింది నేనే. మా నాన్న పడవకి కుడివైపు పచ్చ లైటు, ఎడమవైపు ఎర్ర లైటు ఉంటాయి. ఆ లెక్కనే యాప్‌లోనూ కుడివైపు పచ్చగా 'కావాలి', ఎడమవైపు ఎర్రగా 'వద్దు' పెట్టాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? అన్ని పేజీలూ ఒకేలా ఉంటే బోర్ కొడుతుందని, ఖాయమా క్యాన్సిలా అని అడిగే ఆఖరి పేజీలో బటన్లు అటుది ఇటు, ఇటుది అటు మార్చేశాను. పైగా రెండింటికీ నీలం రంగు.

"ఇదేటిరా, ఇక్కడ తిరగబడిపోనాది?" అన్నాడు బావ.

"డిజైన్ బావా, నీకు అర్థం కాదు" అన్నాను. ఎంత పొగరో చూడండి.

నిన్న ఫెరార్‌గంజ్ నుంచి అమ్మాయి తల్లిదండ్రులు మా ఇల్లు చూడ్డానికి వస్తున్నారు. ఈ సంబంధం కుదరాలని అమ్మ కంటే నాకే ఎక్కువ ఆత్రం. ఆ అమ్మాయిని ఫీనిక్స్ బేలో ఓడ టికెట్ల లైన్లో చూసిన దగ్గర్నుంచీ నా మనసు మనసులో లేదు. పెద్ద వంజరం చేప తెచ్చి వేపుదామంది అమ్మ. "వెళ్లడం దేనికి, యాప్ ఉందిగా" అని టీ తాగుతూ బుక్ చేశాను. కుడి, కుడి, కుడి. చదవడం దేనికి, చేసింది నేనే కదా.

మూకుడులో నూనె కాగుతోంది, చేప జాడ లేదు. బావకి ఫోన్ చేశాను.

"అరే భయ్యా, నువ్వే క్యాన్సిల్ కొట్టీసినావు కదరా. హోటల్‌వాలా పట్టుకెళిపోనాడు. చిన్న చేపలు, నెత్తళ్లున్నాయి, చలేగా?"

పర్లేదు, చలేగా అనక ఏం చేస్తాను?

పెళ్లివారు మర్యాదస్తులు, ఏమీ అనకుండా తిన్నారు. "అబ్బాయి ఏం చేస్తాడండి?" అని పెద్దాయన అడిగితే, "యాప్‌లు చేస్తాడండి. ఈ పులుసు వాటిల్లోంచి వచ్చిందే" అంది అమ్మ. నేను మజ్జిగ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

ఇక సంబంధం పోయినట్టే అనుకున్నాను. సాయంత్రం నా ఫోన్‌కి వాళ్ల దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: 'మాకు ఇష్టమే. అబ్బాయికి కూడా ఇష్టమేనా?'

జవాబు కొట్టబోతుంటే అమ్మ వచ్చి ఫోన్ లాక్కుంది.

"నువ్వుండరా బాబూ. అవునని నేను సెప్తాను. నువ్వెటు నొక్కీస్తావో ఏటో."