వరదరాజులు గారి మోకాలి బేరం

బేరం ఆడకుండా వరదరాజులు గారు మోకాలు కూడా వంచరు.

వాషర్‌మెన్‌పేట్‌లో నా ఫిజియోథెరపీ క్లినిక్‌కి అరిగిన మోకాళ్లతో వస్తారాయన. డెబ్బై నాలుగేళ్ల మనిషి, నలభై ఏళ్లు మిరపకాయల మండీలో గడిపారు. పదిహేను సార్లు కాలు వంచి చాచమంటే చాలు, భుజం మీది తువ్వాలు మా చేతుల మీద కప్పి, కింద నా వేళ్లు మూడు నొక్కుతారు. మండీలో ధర అట్లాగే తేల్చుకునేవారట. నేను పన్నెండంటాను, ఆయన నాలుగంటారు. పావుగంట తర్వాత ఐదుకి ఖాయం. వేడి కాపడం దగ్గర మాత్రం కొసరు అడుగుతారు.

పక్క మంచం మునియక్కది. తొండియార్‌పేటలో ఇడ్లీలు అమ్ముతుంది, ఇల్లు మూడో అంతస్తు. మోకాలికి ఆపరేషన్ అయింది. నెలలోపు కాలు వంగకపోతే అట్లాగే బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పారు. నొప్పి తట్టుకోలేక రెండో రోజే ఏడ్చేసింది.

"నా వల్ల కాదు. రేపటి నించి ఈడికి రాను."

సరిగ్గా ఆ పూట నుంచే పెద్దాయన బేరం మరీ ముదిరింది. ఐదు నాలుగైంది, నాలుగు మూడైంది. అదీ మూలుగుతూనే. మునియక్క ఓరకంట చూసి, ముసలాయన కంటే తనే మేలనుకుని ఆరు చేసింది. మర్నాడూ వచ్చింది.

నాకు ఒళ్లు మండింది. ఆయన మోకాళ్లు ఏం కావాలి? ఇంటికి ఫోన్ చేసి ఆయన భార్య మంగమ్మ గారికి ఫిర్యాదు చేశాను.

"మూడేంది నాయనా? పొద్దున్నే ముప్పై చేస్తాడే. ఎంచలేక నా నోరు పోతాంది" అన్నారావిడ.

మర్నాడు ఆయన్ని పక్కకి పిలిచి ఆరా తీశాను.

"పక్కన కొత్తగా కొట్టు పెట్టినోళ్లుంటే నాలుగు రోజులు మన ధర కాస్త ఎక్కువ చెప్పాల, నాయనా. వాళ్లకీ బోణీ కావాలి గదా" అన్నారాయన గొంతు తగ్గించి.

ఆ మనిషి మీద నాకు అప్పుడు పుట్టిన ఇష్టం ఇంతా అంతా కాదు.

నెల తిరగకముందే మునియక్క మూడంతస్తులూ ఎక్కింది. ఇక క్లినిక్‌తో పని లేదు. అయినా ఇడ్లీలు అమ్ముడుపోగానే వచ్చి పెద్దాయన మంచం పక్కన స్టూలు వేసుకుంటుంది. పాపం, మూడు దాటలేని మనిషిని ఎట్లా వదిలేయాలని ఆమె బాధ.

"ఇరవై చెయ్యాల సామీ. బేరాలు నా కాడ సాగవు, నేను ఎంచతా."

పొద్దున ముప్పై చేసి వచ్చిన వరదరాజులు గారు తువ్వాలు భుజం మీదే ఉంచుకుని మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతారు.