జ్ఞానదాసు వెతికిన మాల్టావాడు

పోర్టు మెయిన్ గేటుకు ఎదురుగా ఉండే షిప్పింగ్ ఏజెన్సీలో నేను టైపిస్టుగా చేరేనాటికే జ్ఞానదాసుగారు అక్కడ పాతకాపు. అది 1992. ఆయన ఉద్యోగం పేరు బోర్డింగ్ క్లర్కు. ఓడ రేవులోకి రాగానే కాగితాల సంచీ పట్టుకుని నిచ్చెన ఎక్కి, కెప్టెన్ చేత సంతకాలు పెట్టించుకుని దిగడం ఆయన పని. దానితోపాటు ఎవరూ అప్పగించని పని ఇంకొకటి ఆయన మీద పడింది. ఓడలో ఎవరికి జబ్బు చేసినా ఆఫీసు అంబాసిడర్ కారులో ఆసుపత్రికి తీసుకెళ్లి, చూపించి, మళ్లీ భద్రంగా ఓడ ఎక్కించడం. వారానికి కనీసం ఒక రోగి ఉండేవాడు. కడుపునొప్పిని ఏ దేశంవాడు ఏమంటాడో ఆయనకు పదకొండు భాషల్లో తెలుసు.

2000 జూన్ నెలాఖరులో ఒక ఉదయం ఆయన పేపరు మడిచి పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు.

"కామేశ్వరమ్మా, ఇది సూసావా? ప్రపంచ ఆరోగ్య సంస్థవోళ్లు నూట తొంభై ఒక్క దేశాల ఆసుపత్రులూ వైద్యాలూ పోల్చి ర్యాంకులేసేరు. ఫ్రాన్సు ఒకటి. మనం నూట పన్నెండు."

"మరీ అంత కిందనా?" అన్నాను.

"కిందా మీదా కాదమ్మా. ఈ పోలిక ఇరవయ్యేళ్లుగా నాను రోజూ సేత్తన్నాను. నన్నొక్కరూ అడగలేదు."

ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. ఆ సాయంత్రం డాబాగార్డెన్స్‌లో ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లి మొత్తం జాబితా ప్రింటు తీయించుకున్నారు. ఒక ప్రతి కారులో పెట్టారు. దానివల్ల ముందుగా చెడిపోయింది డ్రైవర్ దొరబాబు. పది రోజుల్లో అతనికి జాబితా కంఠతా వచ్చేసింది. ఆ తర్వాత అతను మనుషుల్ని దేశాల పేర్లతో పిలవడం మానేశాడు.

"బావా, ఈయేళ అరవై వత్తన్నాడు, ఏలు నలిగిపోయిందంట" అంటే ఫిలిప్పీన్స్ వంటవాడు వస్తున్నాడని అర్థం. "పద్నాలుగు బాగా తిడతన్నాడు" అంటే గ్రీకు కెప్టెన్‌కు కోపం వచ్చిందని.

జ్ఞానదాసుగారు గీతల నోటుపుస్తకం ఒకటి కొన్నారు. జబ్బుపడి వచ్చిన ప్రతి నావికుణ్ణీ అడగడానికి మూడు ప్రశ్నలు నా చేత టైపు చేయించారు. మీ దేశంలో డాక్టరు కనపడాలంటే ఎంతసేపు ఆగాలి? ఆగినంతసేపు కూర్చోవడానికి ఏముంటుంది? డాక్టరు ముందు మీ మొహం చూస్తాడా, కాగితం చూస్తాడా?

మొదటి వారంలోనే చిక్కొచ్చింది. లైబీరియా జెండా కట్టిన ఓడలో ఉక్రెయిన్ ఇంజనీరు ఒకతను కిడ్నీలో రాయితో మెలికలు తిరిగిపోతున్నాడు. జాబితాలో లైబీరియా నూట ఎనభై ఆరు, ఉక్రెయిన్ డెబ్బై తొమ్మిది. ఓడ మీద ఉన్నంతసేపూ చట్టం ప్రకారం లైబీరియాలో ఉన్నట్టే కదా అని జ్ఞానదాసుగారి అనుమానం. నిచ్చెన దిగగానే ఇండియా, అంటే నూట పన్నెండు. లెక్క తేలాక ఆయన కారులో ఆ రోగి భుజం తట్టి, నిచ్చెన దిగినందుకే మీ వైద్యం డెబ్బై నాలుగు ర్యాంకులు మెరుగుపడింది, ధైర్యంగా ఉండండి అని ఇంగ్లీషులో చెప్పారు. ఆ మనిషి కారు తలుపు కొరుకుతూ ఉండిపోయాడు.

కాలం గడిచేకొద్దీ నోటుపుస్తకంలో వింతలు పోగుపడ్డాయి. మొదటి ర్యాంకు ఫ్రాన్సు నుంచి వచ్చిన ఆఫీసరు పంటినొప్పితో బుగ్గ వాచిపోయి ఉన్నా, తన దేశపు ఆసుపత్రులు ఎంత అధ్వాన్నమో నలభై నిమిషాలు చెప్పాడు. మాట్లాడితే నొప్పి ఎక్కువవుతుందని నర్సు వారించినా ఆగలేదు. ఇంకో నెలకు నూట తొంభయ్యో ర్యాంకు బర్మా నుంచి చెయ్యి విరిగినవాడు వచ్చాడు. అన్నీ బ్రహ్మాండం, ఏ లోటూ లేదు అన్నాడు. చెబుతున్నంతసేపూ వెనక్కి తిరిగి తలుపు వైపు చూస్తూనే ఉన్నాడు. జ్ఞానదాసుగారు ఆ రెండూ పక్కపక్కన రాసుకున్నారు.

మూడేళ్లకు ఈ సంగతి ఎలాగో సీతమ్మధార దాకా పాకింది. ఆదివారం సాయంత్రాలు కలుసుకునే డాక్టర్ల బృందం ఒకటి అక్కడ ఉండేది. వాళ్లు ఆయన్ని ప్రసంగించమని పిలిచారు. చర్చికి వేసుకునే తెల్ల చొక్కాతో వెళ్లారు. చూడాలని నేనూ వెళ్లాను. ఒక డాక్టరు లేచి, మీ పరిశోధనకు ఆధారం ఏమిటి అని అడిగాడు.

"ఎనభై ఏడు కడుపునొప్పులు, ముప్పై ఒక్క పంటి నొప్పులు, నలభై దెబ్బలు, రెండు పిచ్చులండి" అన్నారు జ్ఞానదాసుగారు.

"ఈ రోగుల్ని మీరు ఎంచుకున్నారా, రేండమ్‌గా తీసుకున్నారా?"

"జబ్బు రేండమ్‌గానే వత్తాది కదండీ."

ఎవరూ నవ్వలేదు. కొందరు రాసుకున్నారు కూడా. చివర్లో ఒక లేడీ డాక్టర్ మాత్రం, మొదటి అయిదు దేశాల్లో మూడు మీ పుస్తకంలో లేవేం అని అడిగారు. శాన్ మారినో, అండోరాలకు సముద్రం లేదు కాబట్టి నావికులు రారు, వాటిని క్షమించవచ్చు అన్నారు ఈయన. "మరి మాల్టా? అది దీవే కదా?" అన్నారావిడ.

జ్ఞానదాసుగారు నోటుపుస్తకం మూసేశారు. ఇంటికి వచ్చే దారిలో ఆటోలోనే జాబితా తీసి, అయిదో పేరు కింద గీత గీశారు.

మర్నాటి నుంచి ఆయనకు మాల్టావాడి పిచ్చి పట్టుకుంది. మాల్టా జెండాతో మన రేవుకు వచ్చే ఓడలు తక్కువేమీ కాదు. వెనక భాగాన వలెట్టా అని వాళ్ల రాజధాని పేరు పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. జెండా నమోదు కోసమే, లోపలికి వెళితే మాల్టావాడు ఉండడు. క్రొయేషియావాళ్లు, ఫిలిప్పీన్స్‌వాళ్లు, మనవాళ్లు కూడా ఉంటారు. ఒక క్రొయేషియా కెప్టెన్‌ని, మీరెప్పుడైనా మాల్టా వెళ్లారా అని అడిగితే లేదన్నాడు. పోనీ ఈ ఓడ ఎప్పుడైనా వెళ్లిందా అంటే, అది కూడా వెళ్లలేదట.

"అసలా దేశముందంటావా బావా?" అని దొరబాబు అడిగాడు.

"ర్యాంకిచ్చేరు కదా. లేకపోతే ఎలాగిత్తారు?" అన్నారు జ్ఞానదాసుగారు. గొంతులో మాత్రం మునుపటి గట్టిదనం లేదు.

2005 నవంబరులో ఆయన వెతికినవాడు దొరికాడు. బొగ్గు ఓడ ఒకటి ఒడ్డు గోడకు రాసుకుని పక్క రేకు నొక్కుకుపోతే, దాన్ని పరీక్షించడానికి ఓడ యజమానులు ఒక సర్వేయరును పంపించారు. పేరు కార్మెలో జామిట్. అరవై ఏళ్లు, తెల్ల మీసం. పాస్‌పోర్టు కాపీ తీస్తూ దాని మీద మాల్టా అన్న మాట చూసి నేనే జ్ఞానదాసుగారిని కేకేశాను. ఆయన ఆ కాపీ అందుకుని కిటికీ వెలుగులో పెట్టి చదివారు.

కష్టమల్లా ఒక్కటే. జామిట్‌కు ఏ జబ్బూ లేదు. రోజూ పొద్దున్నే బీచిలో పరుగెత్తేవాడు. జ్ఞానదాసుగారు నాలుగు రోజులపాటు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆయన దగ్గరికి వెళ్లి, ఒంట్లో ఎలా ఉందని ఆశగా అడిగారు. ఇంత ఆదరణ తనకు ఏ రేవులోనూ జరగలేదని ఆ పెద్దమనిషి పొంగిపోయాడు.

"రేపెల్లిపోతన్నాడు బావా. సేపల పులుసులో కారం దట్టించి పెట్టించేద్దామేటి?" అన్నాడు దొరబాబు.

"తప్పు. రోగాన్ని మనం పుట్టించకూడదు" అన్నారు జ్ఞానదాసుగారు. ఆయనే మళ్లీ, "ఆరోగ్యవంతుణ్ణయినా ఆసుపత్రికి తీసుకెళ్లొచ్చు" అన్నారు.

నాకు తెలిసి జీవితంలో ఆయన ఆడిన అబద్ధం అదొక్కటే. విదేశీ సర్వేయర్లు వెళ్లేముందు బీపీ చూపించుకోవడం ఇక్కడి నియమం అని జామిట్‌తో చెప్పారు. ఆ ఆదివారమే పాస్టరుగారి దగ్గర ఒప్పుకుని ప్రార్థన చేయించుకోవాలని కూడా అనుకున్నారట.

ఆసుపత్రిలో నర్సు ఈశ్వరి బీపీ మిషను తెచ్చింది. జామిట్ చెయ్యి ముడుచుకుని కూర్చున్నాడు. తుఫానులో ఓడ అడుగుకు దిగి పనిచేసిన మనిషికి ఆ పట్టీ అంటే భయమట. "ఏమీ కాదు, చూడండి" అని జ్ఞానదాసుగారు తన చొక్కా చెయ్యి పైకి మడిచి ముందుకు చాపారు.

ఈశ్వరి పట్టీ బిగించి గాలి కొట్టింది. చూసింది. మళ్లీ కొట్టింది. మిషను పాడైందని ఇంకొకటి తెచ్చింది. ఆ తర్వాత రెండో చెయ్యి అడిగింది.

"రెండు వందల ఇరవై మీద నూట ముప్పై" అంది మెల్లగా. "మీరు లెగకండి సార్. అలాగే కూకోండి."

పది నిమిషాల్లో ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి సెలైన్‌లో మందు కలిపి ఎక్కించారు. ఆయన భార్య రత్నమణిగారు ఎలమంచిలిలో చెల్లెలి ఇంట్లో ఉన్నారు. ఫోను కలవలేదు. దొరబాబు కారు వేసుకుని పరుగెత్తాడు. వార్డు నియమం ప్రకారం రోగి పక్కన ఒక మనిషి ఉండి తీరాలి. అక్కడ మిగిలింది జామిట్ ఒక్కడే.

పక్క మంచం మీద జాలారిపేట ఎల్లారావు ఉన్నాడు. వల లాగుతుండగా టేకు చేప తోకలోని విషపు ముల్లు పిక్కలో దిగి, పుండు పడి పది రోజులైంది. తోడున్నది భార్య గురువమ్మ. అయోమయంగా నిలబడ్డ తెల్లాయన్ని ఆమె ఎగాదిగా చూసింది.

"ఓ బాబూ, అలా నిల్సుంటే మందులు రావు. ఆ సీటీ అట్టుకురా. మూడో కిటికీకాడ ముద్దరేయించాల. పద" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

జామిట్‌కు తెలుగు రాదు, గురువమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా మధ్యాహ్నానికల్లా ఆయన వరుసలో నిలబడటం, ముద్ర వేయించడం, మందులు తేవడం, డాక్టరు వస్తుంటే కుర్చీలోంచి లేవడం నేర్చేసుకున్నాడు. ఓడలు కొలిచే అలవాటు కదా, సెలైన్ సీసా మీద పెన్సిలుతో గీతలు గీసి గంటకు ఎంత దిగుతోందో రాయడం మొదలుపెట్టాడు. గురువమ్మ తన మొగుడి సీసాకు కూడా గీయమంది. సాయంత్రానికి వార్డులో ఎనిమిది సీసాలకు గీతలున్నాయి.

కాస్త తేరుకుని మాట్లాడే ఓపిక వచ్చాక జ్ఞానదాసుగారు సంచీలోంచి నోటుపుస్తకం తీయించి, మూడు ప్రశ్నలూ అడిగారు. జామిట్ సీసా మీద ఇంకో గీత గీశాడు. తను పదహారో ఏట ఓడెక్కానని, పుట్టింది ఇంట్లోనేనని, మాల్టాలో ఇంతవరకూ ఏ ఆసుపత్రి గడపా తొక్కలేదని చెప్పాడు. అపెండిక్స్ మాంటెవిడియోలో తీశారు. పన్ను కరాచీలో పీకారు. మలేరియాకు లాగోస్‌లో వైద్యం చేశారు.

"అయితే మీ దేశం అయిదోది ఎలా అయింది?" అని అడిగారు జ్ఞానదాసుగారు.

"బహుశా నేను వెళ్లకపోవడం వల్లే" అన్నాడు జామిట్.

జ్ఞానదాసుగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. తర్వాత ఇటు తిరిగి, పెన్ను పట్టుకోలేక, జామిట్ చేతనే రాయించారు. ఆ పేజీ నేను చూశాను. 'మాల్టా. రోగి దొరకలేదు. రోగికి తోడు మనిషి దొరికాడు.'

సాయంత్రం రౌండ్స్‌కు వచ్చిన పెద్ద డాక్టరు ఆయన్ని గుర్తుపట్టాడు. "ఏమండీ, ఇరవై అయిదేళ్లుగా వారం వారం మా దగ్గరికి వస్తున్నారు. ఒక్కసారైనా బీపీ చూపించుకోలేదా?"

"నా కోసం రాలేదు కదండీ" అన్నారు జ్ఞానదాసుగారు.

డాక్టరు కేసు షీటు మీద తల వంచి రాసుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకు రత్నమణిగారు గాభరాగా వార్డులోకి వచ్చేసరికి, తెల్ల మీసం ముసలాయన ఒకడు తన భర్తకు చెంచాతో జావ తాగిస్తున్నాడు. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఎవురండీ ఈయన?"

"అయిదో ర్యాంకు అక్కా" అన్నాడు వెనకనుంచి దొరబాబు.

ఆవిడకు అర్థం కాలేదు గానీ దణ్ణం పెట్టారు. జామిట్ కూడా చెంచాతో సహా దణ్ణం పెట్టాడు. విమానం టిక్కెట్టు మార్చుకుని ఇంకా రెండు రోజులున్నాడు. వెళ్లేరోజు గురువమ్మ ఆయనకు ఎండు నెత్తళ్ల పొట్లం కట్టి ఇచ్చింది. దాన్ని ఏ దేశపు కస్టమ్స్ దాకా తీసుకెళ్లాడో మాకు తెలియలేదు.

జ్ఞానదాసుగారు ఆరో రోజున ఇంటికొచ్చారు. నోటుపుస్తకం రాయడం మానేశారు. అడిగితే, మూడు వందల మందిని అడిగినా ఎవరి దేశం సంగతి వాళ్లకు తెలీదని తెలిసింది, ఇంకా దేనికమ్మా అన్నారు. మేనేజరుగారు ఆయన్ని ఓడలెక్కనివ్వకుండా కాగితాల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆ కుర్చీలో ఆయన వాడిపోయిన ఆకుకూరలా ఉండేవారు.

మూడు వారాలకు ఒక శనివారం గురువమ్మ ఆఫీసు గుమ్మంలోకి వచ్చింది. ఎల్లారావుకు కట్టు మార్పించాలట. ఒంటరిగా వెళితే ఎక్కడికి పొమ్మంటున్నారో తెలియడం లేదంది. "నువ్వైతే ఆ ఆసుపత్రిలోని గోడలన్నీ ఎరుగుదువు. ఒకపాలి రా నాయినా."

ఆయన వెళ్లారు. మరుసటి శనివారం ఇంకో ఇంటివాళ్లు వచ్చారు. తర్వాత నూకాలు అని గురువమ్మ పక్కింటామె, కళ్లు కనపడని అత్తను తీసుకుని వచ్చింది. రిటైరైన 2008 వరకూ, ఆ తర్వాత కూడా, శనివారాలు ఆయనవి కావు. కూర్మన్నపాలెంలో ఇల్లు తీసుకున్నాక రెండు బస్సులు మారి వచ్చేవారు. తన బీపీ మాత్ర మాత్రం మానలేదు. వెళ్లినప్పుడల్లా ముందు తన బీపీ చూపించుకోవాలని ఈశ్వరి నిబంధన పెట్టింది.

ఒకసారి నేను కూడా నా మోకాలి నొప్పికి అక్కడికి వెళ్లాను. ఆయన ఎల్లారావు, గురువమ్మల పక్కన వరుసలో ఉన్నారు. చీటీలు రాసే కిటికీ దగ్గర కొత్త అమ్మాయి తలెత్తకుండా, రోగికి మీరేమవుతారు అని అడిగింది. జ్ఞానదాసుగారు పక్కకు చూశారు.

"మావోడే. రాసుకో" అంది గురువమ్మ.

ఆ అమ్మాయి రాసుకుంది.