మ్యాపు కింద ఊళ్ల పేర్లు

ఆ ఆదివారం చర్చిలో పాట మొదలైంది. పుస్తకం మీద నల్లటి నలుసులు తేలుతున్నట్టు కనిపించాయి. తుడిస్తే పోలేదు. ఉండుండి కుడికంటి మూల తళుక్కుమని మెరుపు. ఎవరో ఫొటోలు తీస్తున్నారనుకుని నేను మాటిమాటికీ వెనక్కి తిరుగుతుంటే, పాట వదిలేసి ఆ దిక్కులు చూడటమేంటని మా ఆయన మోచేత్తో పొడిచారు.

చిన్నప్పటినుంచీ నావి సోడాబుడ్డి అద్దాలు. కళ్లకు ఏమొచ్చినా అద్దాల షాపుకి పరిగెత్తడం మా ఇంట్లో అలవాటు. బీసెంట్ రోడ్డులో ఎప్పుడూ వెళ్లే షాపుకి వెళ్లి "సరిగ్గా కనపడటం లేదండీ" అన్నాను. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన పవర్ చూసి కొత్త అద్దాలకు కొలతలు రాసుకున్నారు. అవి తయారై వచ్చేసరికి కంట్లో కింది నుంచి నల్లటి తెర పైకి లేస్తోంది. ఇదంతా తొంభైల చివరి మాట.

అప్పుడు వెళ్లాం కంటి డాక్టరు గారి దగ్గరికి. చుక్కల మందు వేసి, తలకి లైటు కట్టుకుని చాలాసేపు చూశారు. "రెటినల్ డిటాచ్‌మెంట్ అమ్మా. గోడకి సున్నం పెచ్చు లేచినట్టు లోపలి పొర లేచిపోయింది. చూపుకి ఆయువుపట్టు మాక్యులా, అదీ లేచింది. మెరుపులు కనిపించిన రోజే రావలసింది" అన్నారు. మా ఆయన సాల్మన్ రాజుకి ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు విప్పడం పని. ఆ మనిషి ఆ పూటే పని మానేసి వెళ్లి హైదరాబాదుకి రైలు టికెట్లు తెచ్చారు.

హైదరాబాదులో విట్రెక్టమీ ఆపరేషన్ చేసి, కంటి లోపలి జిగురు తీసేసి ఆ చోట సిలికాన్ ఆయిల్ నింపారు. ఆ నూనె పొరని అదిమి ఉంచాలంటే పడుకున్నా కూర్చున్నా ముఖం నేలకేసే ఉంచాలన్నారు. ఇడ్లీ కూడా అలాగే తిన్నాను. మా ఆయన నేల మీద వెల్లకిలా పడుకుని, సరిగ్గా నా ముఖం కిందకి జరిగి కబుర్లు చెప్పేవారు. లారీల కింద దూరి బతికే మనిషికి అది కొత్తేమీ కాదు. నర్సులు మమ్మల్ని చూసి నవ్వుకునేవాళ్లు, నేనూ నవ్వేదాన్ని.

అయినా తిరగబెట్టింది. పి.వి.ఆర్. ఫామ్ అయిందన్నారు, అంటే లోపల మచ్చకట్టి పొరని మళ్లీ లాగేస్తోందట. మళ్లీ ఆపరేషన్ చేశారు, ఫలితం లేదు. ఎడమ కంటికి ముందుజాగ్రత్తగా లేజర్ చేశారు కానీ ఏడాది తిరక్కుండానే అదీ ఊడింది. దానికీ చేయగలిగినదంతా చేశారు. చివరి రివ్యూలో డాక్టరు గారు నా చేయి పట్టుకున్నారు. "ఇక కోసినా ఒరిగేదేం లేదమ్మా. వెలుతురు మటుకు తెలుస్తుంది" అన్నారు. రైలు కొండపల్లి దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

నా ఉద్యోగం గురించి చెప్పలేదు కదూ. కరెంటు పోతే మీరు తిట్టుకునే వాళ్లలో నేనూ ఒకదాన్ని. ఫిర్యాదుల విభాగంలో క్లర్కుని. సెలవు అయిపోయి వెళ్తే మా ఆఫీసరు డి.ఇ. గారు ఎదురొచ్చి కూర్చోబెట్టారు. ఉద్యోగానికి ఢోకా లేదని, చట్టం ఉందని, వచ్చి కూర్చుంటే చాలు జీతం వస్తుందని చెప్పారు. మంచి మనసుతోనే అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. కిటికీ పక్కన కుర్చీ వేశారు. స్వీటు పంచితే ముందు నాకే పెట్టేవారు, పని పంచేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తొచ్చేదాన్ని కాదు. పని లేకుండా జీతం తీసుకోవడం ఎంత అవమానమో కూర్చుని చూస్తేగానీ తెలియదు.

హైదరాబాదులో చూపులేని వాళ్లకి కంప్యూటర్ నేర్పుతారని తెలిసి వెళ్లాను. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంది, స్క్రీన్ రీడర్ అంటారు. ఇంగ్లీషే చదువుతుంది, అదీ ముక్కుతో మాట్లాడినట్టు. టైపు మటుకు నాకెవరూ నేర్పక్కర్లేదు. నేను టైపు హయ్యర్ పాసైనదాన్ని. ఇన్‌స్టిట్యూట్‌లో మిషను వైపు చూశామా, మాస్టారు స్కేలుతో వేళ్ల మీద ఒక్కటి ఇచ్చేవారు. ఆ దెబ్బలు ఇన్నేళ్లకి పనికొచ్చాయి. తిరిగొచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఫోనులో ఫిర్యాదులు వింటూ కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. మళ్లీ మనిషినయ్యాను.

కొన్నాళ్లకి మా వాళ్లు వెబ్‌సైటు పెట్టారు. ఇక ఫిర్యాదులన్నీ అందులోనే, ఫోనులో వచ్చినా అందులోనే ఎక్కించాలి. మొదటి పేజీలో కృష్ణా జిల్లా మ్యాపు వేశారు. కాలవలు నీలం రంగులో ఉన్నాయట, డి.ఇ. గారు చూసుకుని మురిసిపోతున్నారు. నేను హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. "గ్రాఫిక్. గ్రాఫిక్. గ్రాఫిక్ లింక్." అంతే, ఇంకేం లేదు. తెలుగు అక్షరాలు అన్ని కంప్యూటర్లలో సరిగ్గా పడవని మాటలన్నిటినీ బొమ్మలుగా చేసి అతికించారు. ఏ ఊరి ఫిర్యాదో చెప్పాలంటే మౌసుతో మ్యాపు మీద ఆ ఊరిని నొక్కాలి. గుడివాడ ఎటుందో నాకు తెలుసు, తెర మీద ఎక్కడుందో నాకేం తెలుసు?

ఈ వెబ్‌సైటు నాకు పనికిరాదని డి.ఇ. గారితో అన్నాను. పోన్లెండమ్మా, రెస్ట్ తీసుకోండి అన్నారు. మళ్లీ ఆ కిటికీ పక్క కుర్చీ గుర్తొచ్చి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టేశాను.

ఇంటికొచ్చి మా ఆయన మీద ఎగిరాను. అంతా విని, ఆయన నెమ్మదిగా అన్నారు: "మేరీ, బండి బాగాలేదని ఎవడన్నా వస్తే నేనేం చేస్తాను? ఏ గేర్లో, ఎక్కడ, ఏం చప్పుడొస్తోందో చెప్పమంటాను. నువ్వు ఆ అద్దాల షాపులో చెప్పినట్టే వీళ్లకీ చెప్పొచ్చావు."

చురుక్కుమంది. కానీ నిజం.

మర్నాడు వెబ్‌సైటు చేసిన ప్రోగ్రామరు మస్తాన్ వలీని పక్కన కూర్చోబెట్టుకున్నాను. స్పీకరు పెట్టి, ఒక్కొక్క మీటా నొక్కుతూ, ఎక్కడ ఆగుతోందో అక్కడ ఆగి వినిపించాను. అతనూ కళ్లు మూసుకుని ఇంకోసారి విన్నాడు. తర్వాత, "మేడం, బొమ్మ వెనక దాని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాయొచ్చు, ఆల్ట్ టెక్స్ట్ అంటాం. అది ఒకరు వింటారని నాకు తట్టలేదు" అన్నాడు. ఆ పూటే రాయడం మొదలుపెట్టాడు. నేను విని టైపు చేసేలోపే గడువైపోయి పేజీ మొదటికొచ్చేది. ఆ గడువూ పొడిగించాడు.

మ్యాపు దగ్గరే పేచీ వచ్చింది. తీసేయమంటానేమోనని డి.ఇ. గారికి భయం. "ఉండనివ్వండి సార్, అంత ముచ్చటపడి వేయించుకున్నారు. దాని కింద ఊళ్ల పేర్లు వరసగా ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టించండి, నాకు చాలు" అన్నాను. పెట్టించారు. తీరా చూస్తే కళ్లున్నవాళ్లు కూడా మ్యాపు వదిలేసి ఆ పేర్లే నొక్కుతున్నారు. ఆ తర్వాత ఏ కొత్త పేజీ వచ్చినా మేరీ గారు విని సరేనన్నాకే తెరవాలని డి.ఇ. గారే ఆర్డరు వేశారు. కూర్చుంటే చాలన్న మనిషి నోటి నుంచి ఆ మాట విన్న రోజు నేను నేల మీద నడవలేదు.

ఇప్పుడు ఆ విభాగానికి నేనే సూపరింటెండెంట్‌ని. మొన్న వేసవిలో ఉయ్యూరు నుంచి వెబ్‌సైటులో ఒక ఫిర్యాదు వచ్చింది. కరెంటు వచ్చిందో లేదో కనుక్కుందామని ఫోన్ చేస్తే ఒక పెద్దాయన ఎత్తారు. ఫిర్యాదు మీ ఇంట్లో ఎవరు పెట్టారని అడిగాను.

"నేనేనమ్మా. నాకు చూపు లేదు. కంప్యూటరు చదివింది, నేను నొక్కాను. మీ లైన్‌మన్ వచ్చి, చూపులేని మీకు కరెంటుతో పనేంటండీ అన్నాడు. ఫ్యాను గాలికి కళ్లెందుకయ్యా అన్నాను."

నవ్వాపుకోలేకపోయాను. మీ ఊరు పేరు ఎక్కడ దొరికిందని అడిగాను. "మ్యాపు కింద ఉంది కదా. ఎవరో బుర్రున్నోళ్లు పెట్టారు" అన్నారు. నేనేనని చెప్పలేదు. ఫోను పెట్టేసి వెంటనే ఆటోనగర్‌కి చేసి మా ఆయనకి చెప్పాను.

చదివే వాళ్లకి ఒక్కటే చెప్తాను. కంట్లో మెరుపులు గానీ, నలుసులు గానీ, తెర గానీ కనిపిస్తే ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లి, సరిగ్గా కనపడటం లేదని ఊరుకోకండి. ఎటు నుంచి, ఎప్పటి నుంచి, ఎలా కనిపిస్తోందో పూర్తిగా చెప్పండి. ఆ షాపులో ఇంకొక్క మాట చెప్పి ఉంటే నా కన్ను దక్కేదేమో. నా పని మాత్రం అలా చెప్పబట్టే దక్కింది.