కళింగపట్నం మొగలో హైమ విన్నది

ఈ ప్రయాణం సరదాకి పెట్టుకున్నది కాదు. విజయనగరంలో మాది పన్నెండు మంది పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. 2016లో వేట పడవల కోసం ఫోన్ యాప్ ఒకటి చేశాం. వంశధార సముద్రంలో కలిసే చోటుని అక్కడివాళ్ళు మొగ అంటారు. అక్కడ నీళ్ళ కింద ఇసుక మేటలు చోటు మారుతూ ఉంటాయి. పడవ మేట దగ్గరికి వస్తే మా యాప్ గంట కొట్టాలి. గుడి గంటలా గంభీరంగా సాగే ఆ చప్పుడుని ఏరికోరి పెట్టింది నేనే. యాప్‌ని పరీక్షించే హైమ మాత్రం "మోటారు మోతలో ఇది వినపడదు" అని మూడుసార్లు మెయిల్ పెట్టింది. హైమకి ఆటిజం. చేరిన రోజునే ఆ మాట తనే చెప్పింది. ఫ్యాను తిరిగే చప్పుడు కూడా ఆమెకు పెద్దదే. మీటింగుల్లో మొహమాటం లేకుండా మాట్లాడుతుందని మా మేనేజరు ఆమె మీద గుర్రుగా ఉండేవాడు. ఆమె ఆరు నెలల ప్రొబేషన్ ఆ వారంతో అయిపోతోంది. "పడవ మీద పరీక్ష చేయించు. ఈ అమ్మాయిని ఉంచాలో వద్దో నువ్వే రాసివ్వు" అన్నాడు. నిజం చెప్పొద్దూ, వద్దని రాయాలనుకుంటూనే బస్సెక్కాను.

పొద్దున్న ఐదున్నర బస్సుకి బయల్దేరితే ఏడున్నరలోపే శ్రీకాకుళంలో దిగాం. టిక్కెట్టు అరవై చిల్లర. అక్కణ్ణుంచి కళింగపట్నానికి బస్సులున్నాయి, పాతిక ముప్పై రూపాయల్లో పోతుంది. కానీ ఆ కిక్కిరిసిన బస్సు చూసి హైమ వెనక్కి తగ్గింది. నాలుగొందలకి ఆటో మాట్లాడాను, లోపల్లోపల సణుక్కుంటూ. ఆటోలో పాటలు హోరెత్తుతున్నాయి.

"పాట ఆపండి" అంది హైమ.

"ఏటమ్మా, పాట బాగునేదా?" అన్నాడు డ్రైవరు.

"పాట బాగుంది. చప్పుడు ఎక్కువ."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం పకపకా నవ్వి, "మా ఇంటిది కూడా ఇలాగే సెప్తాది" అంటూ పాట కట్టేశాడు. గార మీదుగా ముప్పావుగంట హాయిగా సాగింది.

ఒడ్డున ఎండుచేపల వాసన గుప్పున కొట్టింది. మేం మాట్లాడుకున్న పడవ ఎర్రయ్యది. ఆయన మోటారు దగ్గర కూర్చున్నాడు. ఆయన బావమరిది సింహాద్రి ముందు అంచున వల సర్దుతున్నాడు. హైమ చెవులకు చప్పుడు తగ్గించే పెద్ద కప్పులు పెట్టుకుని మధ్యలో కూర్చుంది. ఎర్రయ్య చూపించిన మేటని యాప్‌లో గుర్తుపెట్టి దాని వైపు వెళ్ళాం. ఫోన్ తెర ఎర్రబడింది. నేను గంట కోసం చెవులు రిక్కించుకుని ఉండగానే పడవ అడుగు ఇసుకని బర్రున గీసింది. అందరం ముందుకి తూలాం.

"ఏటి బాబూ, మీ ఫోను మూగదా? దీన్ని నమ్ముకుంటే నా పడవ బద్దలైపోద్ది!" అని ఎర్రయ్య మండిపడ్డాడు.

హైమ చెవి కప్పులు తీసి, "గంట మోగింది. మోటారు మోత, ఆ గంట ఒకే శ్రుతిలో ఉన్నాయి, అందుకే కలిసిపోయాయి" అంది. తర్వాత ఎర్రయ్య చేతిలోని వెదురు గడ వైపు చూపించింది. "ఈయన ముందున్న ఆయన్ని నోటితో పిలవట్లేదు. పడవ అంచు మీద మూడు దెబ్బలు కొడుతున్నారు. పడవెక్కినప్పట్నుంచీ నాలుగుసార్లు కొట్టారు, నాలుగుసార్లూ ఆయన తిరిగారు. మనమూ కొడదాం."

నిజమే! నేనూ అదే పడవలో ఉన్నాను, ఒక్కసారీ పట్టించుకోలేదు. హైమ మోటారు ఆపించి, ఆ దెబ్బల్ని ఫోన్‌లో రికార్డు చేసి, నా గంట తీసేసి ఆ చప్పుడు పెట్టింది. పది నిమిషాల పని. మళ్ళీ మోటారు అందుకుంది. దూరంగా వెళ్ళి, తిరిగి మేట వైపు వచ్చాం. మేట ఇంకా ఇరవై బారల దూరంలో ఉండగా ఫోన్ టక్ టక్ టక్‌మంది.

వల సర్దుతున్న సింహాద్రి గిరుక్కున వెనక్కి తిరిగాడు. "ఏటి బావా, పిలిసినావా?"

"నానేటీ పిలవనేదురా! ఆ ఫోనే పిలిసినాది!" అంటూ ఎర్రయ్య పడవని పక్కకి తిప్పేశాడు. నేను ఆనందం పట్టలేక ఒక్క కేక పెట్టాను.

"అరవకండి సర్" అంది హైమ, చెవులు మూసుకుని. కానీ నవ్వుతోంది.

ఒడ్డుకి రాగానే ఇసుకలో కూర్చుని మేనేజరుకి రాసి పంపాను: "హైమని ఉంచాలి. తప్పు నేను పెట్టిన గంటది." మర్నాటికల్లా ఆమె ఉద్యోగం ఖాయమైంది. ఆ మధ్యాహ్నం ఎర్రయ్య ఇంట్లో చేపల పులుసు తింటున్నప్పుడు ఆయన, "ఈ పాపని మళ్ళీ తీసుకురా బాబూ. ఉన్నది ఉన్నట్టు సెప్తాది" అన్నాడు. మా ఆఫీసులో ఆమె మీద ఫిర్యాదు సరిగ్గా అదే.

ఆర్నెల్లుగా ఆమెని మాలా మార్చాలని చూశాం. మారి ఉంటే ఆ పడవలో నాలుగో చెవిటి మనిషి అయ్యేది, మేట మీద పడవ పగిలేది. చప్పుడు ఆమెని బాధపెడుతుంది కాబట్టే చప్పుళ్ళ గురించి మా అందరికంటే ఆమెకి ఎక్కువ తెలుసు. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నేను సముద్రం దాకా వెళ్ళాల్సి వచ్చింది, వెళ్ళినందుకు గర్వంగానే ఉంది.

మీరు కూడా ఇలాంటి సహోద్యోగితో వెళ్తుంటే ఒక్క సూచన. ఏ బండి ఎక్కుతారో, ఎంతసేపు పడుతుందో, ఎక్కడ తింటారో ముందురోజే కాగితం మీద రాసివ్వండి. ఏది ఇబ్బందో అడగండి. అడిగాక, చెప్పింది నమ్మండి.