మొదటి ముద్ద తిన్న కెప్టెన్

ఫోన్ మోగితే నాకు ముందు చెడ్డ కబురే తోస్తుంది. ఇంట్లో పిల్లలు నవ్వుతారు. చాలాసార్లు నా భయం ఉత్తదే అవుతుంది. మొన్న మంగళవారం పొద్దున మాత్రం ఉత్తది కాలేదు. బెజ్జంకి నుంచి వచ్చి మా పెద్ద మేడం దగ్గరే ఉంటున్న ఆమె చెల్లెలు ఫోన్ చేసి, "అక్క పోయింది వదినా, నిద్రలనే పోయింది" అన్నది.

మేడం సిద్దిపేటలో మా గల్లీ బడికి పెద్ద టీచరుగా ఉన్నన్నాళ్ళూ అక్కడ మధ్యాహ్నం అన్నం వండింది నేనే. నా చదువు ఐదో తరగతి. ఆమె గురించి రాయాలన్నా భయమే. ఏదన్నా తప్పు రాస్తే పైనుంచి కూడా తిడతారేమోనని.

మేడం నోరు అలాంటిది మరి. "వంటమ్మా, గిది పప్పా, చెరువు నీళ్ళా?" అని రెండు వందల మంది పిల్లల ముందు అడిగేవారు. "కూర కోసినవా, కట్టెలు కొట్టినవా?" అనేవారు. అయితే పిల్లలకు వడ్డించే ముందు టీచర్లలో ఎవరో ఒకరు రుచి చూడాలని మా బడిలో పద్ధతి. ఆ పని మేడం ఎవరికీ ఇయ్యలేదు. జ్వరం వచ్చిన రోజు కూడా శాలువా కప్పుకొని వచ్చి, నిలబడే మొదటి ముద్ద తినేవారు. తిని, తల ఒక పక్కకు వంచి కాసేపు ఆగేవారు. ఏమీ కాలేదనుకున్నాక చెయ్యి ఊపితే అప్పుడు గంట కొట్టేవాళ్ళు.

సాయంత్రం మేడం ఇంట్లో చాయ్. టీవీలో ఆకాశంలో తిరిగే ఓడల కథలు. సైన్సు చెప్పే మనిషి కదా, వాటి మీద ప్రాణం. మాటలన్నీ ఇంగ్లీషే, మేడం చెప్తుంటే నేను వినేదాన్ని. ఆ ఓడకు సూదంత చిల్లి పడినా లోపలి గాలంతా పోతుందని చెప్పారు. ఆ రోజు నుంచి నాకు ఆ ఓడలోని వాళ్ళ మీద కూడా బెంగే. "కిటికీలు గట్టిగ ఏసుకున్నరా మేడం వాళ్ళు?" అంటే పడీపడీ నవ్వేవారు.

రెండు కథల్లో ఇద్దరు కెప్టెన్లు ఉండేవాళ్ళు. ఇద్దరివీ కారం నోళ్ళే. ఒకాయన నెరిసిన గడ్డమాయన, ఎవరినైనా అందరి ముందే దులిపేస్తాడు. ఇంకొకామె పొట్టి జుట్టామె. ఆమె మాట కత్తే, కానీ కింది వాళ్ళను తిట్టాలంటే లోపలికి పిలిచి, తలుపు వేసి తిడుతుంది. ఇద్దరిలో ఎవరు మేలని మాకు రోజూ పంచాయితీ.

"పొట్టి జుట్టామె పదిమందిల ఇజ్జత్ తియ్యది మేడం. నాకు ఆమెనే నచ్చింది."

"ఆహా! కొత్త జాగల ముందు కాలు పెట్టేదెవ్వరు? గడ్డపాయన. నీ ఆమె కుర్చీల కూసొని పోరగాళ్ళను తోలుతది."

తిట్లు పడ్డవాళ్ళకే తెలుస్తుంది అనే మాట నాకు నోటి దాకా వచ్చేది. చాయ్‌తో పాటు మింగేదాన్ని.

ఒక వానాకాలం కొత్త నూనె డబ్బా విప్పితే ఏదో వాసన వచ్చింది. చెబుదామనుకున్నా. "నీకు దినాం ఏదో ఒక వాసననే" అంటారని ఆగిపోయాను. ఆ నూనెతోనే పోపు వేశాను. మేడం మొదటి ముద్ద తిన్నారు. తల వంచి ఆగారు. "వడ్డియ్యకుండ్రి!" అని అరిచి, గంట దగ్గరికి పోయి అడ్డం నిలబడ్డారు. పిల్లలకు పెరుగన్నం పెట్టించాం. మేడం సాయంత్రం దాకా వాంతులు చేసుకున్నారు.

మర్నాడు వంటగది గడప మీదికి వచ్చి అడిగారు.

"వాసన ముందే వచ్చిందా నీకు?"

"వచ్చింది మేడం."

"మరెందుకు చెప్పలే?"

"మీరు తిడ్తరని."

తిట్టలేదు. అదే నాకు ఎక్కువ భయమైంది. నెమ్మదిగా అన్నారు. "గడ్డపాయన ఓడల కాలిన తీగ సంగతి ఇంజను కాడి పోరగాళ్ళు దాచిపెట్టిన్రు, యాదికుందా? ఆయన నోటికి భయపడి. ముందు కాలు పెడితేనే సరిపోదు వంటమ్మా. ఎనకున్నోడు ఆగుమని చెప్పేటట్టు ఉండాలె. నీ పొట్టి జుట్టామెనే గెలిచింది, పో."

ఆ తర్వాత రోజూ, రుచి చూసే ముందు, ఆ గడప మీద నిలబడి ఒకటే మాట అడిగేవారు. "ఇయ్యాల నీ భయమేంది?"

నేను చెప్పేదాన్ని. బియ్యంలో రాళ్ళున్నాయేమో. నీళ్ళ డ్రమ్ము మూత తీసి ఉందేమో. గ్యాస్ పైపు పగిలిందేమో. ప్రతిదీ వెళ్ళి చూసి వచ్చేవారు. అన్నీ ఉత్తవే. ఒక్క పైపు మాత్రం నిజంగానే పగిలి ఉంది. "వంద ఉత్త భయాలు ఇంటే నాకేం అరుగది, ఒక్కటి దాస్తే ఓడ పోతది" అన్నారు. నోరు మాత్రం తగ్గలేదు. పప్పు చెరువు నీళ్ళే. ఈ జన్మలో అందరూ నాతో భయపడకు అన్నవాళ్ళే. భయమేందని అడిగింది ఆమె ఒక్కరే.

మూడో రోజు పిట్టకు, అంటే కాకికి, పెట్టడానికి వాళ్ళ చెల్లెలు నన్నే వండమన్నది. పోయినవాళ్ళకు పెట్టే అన్నం పిట్ట ముట్టే దాకా ఎవరూ రుచి చూడకూడదు. మేడం కోసం వండిన వంట, ఎవరి నోటా పడకుండా ఆకులోకి పోయింది. డాబా మీద పెట్టి అందరం దూరంగా నిలబడ్డాం. ఎంతసేపైనా ఒక్క కాకి రాలేదు. "ఏం కోరిక మిగిలిందో" అని వెనక ఎవరో అన్నారు. నేను ఆకు దగ్గరికి పోయి మెల్లగా చెప్పాను.

"పప్పుల ఉప్పు ఎక్కువైందేమోనని భయమైతుంది మేడం. రుచి సూడలే."

వెనక్కి వచ్చి నిలబడ్డాను. పిట్టగోడ మీద ఒక కాకి వాలింది. దిగి వచ్చి పప్పన్నంలో ఒక్క ముద్ద తీసుకుంది. తల ఒక పక్కకు వంచి ఆగింది.

అందరూ దండం పెట్టుకున్నారు. నేను మాత్రం గంట ఎప్పుడు మోగుతుందా అని చూస్తూ నిలబడ్డాను.