ముడులు జరిగిన తాడు

మా తమ్ముడు ఎవరింటికి వెళ్ళినా ముందు గోడ చూడడు, కుర్చీ చూస్తాడు. టీవీల దుకాణంలో ముప్ఫై ఏళ్ళుగా బిగింపు పని వాడిది. "ఎంత టీవీ కొనమంటావు?" అని అడిగినవాడికి "ఎక్కడ కూర్చుంటావు?" అని ఎదురుప్రశ్న వేస్తాడు. ఆ తర్వాత జేబులోంచి మూడు ముడులున్న నూలుతాడు తీస్తాడు. ఒక కొస గోడకు ఆనించి, రెండోది కూర్చున్నవాడి కంటి దగ్గరికి లాగుతాడు. కన్ను అయిదున్నర అడుగుల ముడి దగ్గరుంటే నలభైమూడు అంగుళాల తెర, ఏడడుగుల ముడి దగ్గరుంటే యాభై అయిదు, ఎనిమిది దగ్గరైతే అరవై అయిదు. దుకాణంలో అందరూ వాణ్ణి ముడుల మేస్త్రి అంటారు.

సినిమాలు చూసుకునేవాళ్ళైతే ఓ అడుగు అటూ ఇటూ అయినా ఊరుకునేవాడు. గేమ్ కన్సోల్ పెట్టుకునేవాళ్ళ దగ్గర మాత్రం బెత్తెడు వదిలేవాడు కాదు. "సినిమాలో హీరో మధ్యలోనే ఉంటాడక్కా. ఆటలో చావు మూలనుంచి వస్తుంది" అనేవాడు.

తాడుతో కొలిచాక, తెర ఎంతుంటుందో అంత అట్టకాగితం కత్తిరించి గోడకు అంటించేవాడు. తనే ఆ కుర్చీలో కూర్చుని కాగితం నడిమధ్యకు చూసేవాడు. మెడ తిప్పకుండా, కళ్ళు తిప్పకుండా నాలుగు మూలలూ కనిపించాలి. ఒక మూల మిగిలిన ప్రాణాల లెక్క ఉంటుందట, ఇంకో మూల దారిచూపే మ్యాపు ఉంటుందట. తాడు ఒకటి చెప్పి కళ్ళు ఇంకొకటి చెబితే, కళ్ళ మాటే చెల్లుతుంది. వాడి పనితనమంతా ఆ పట్టింపులోనే ఉంది. మా మీదికొచ్చిన భయం కూడా అందులోంచే వచ్చింది.

నేను వాడికంటే తొమ్మిదేళ్ళు పెద్దదాన్ని. నా చదువు మూడో తరగతితో ఆగింది, నోరు ఆగలేదు. నలభై ఏళ్ళు ప్యాంట్ల అంచులు కుట్టాను, ఇప్పటికీ కుడుతున్నాను. పొట్టి చేసి పాడుచేశానని ఇంతవరకు ఒక్కడూ నా గుమ్మం ఎక్కలేదు.

మా నాన్న గోడలకు రంగులు వేసేవాడు. పని చేసిన చివరి రెండేళ్ళలో ఆయన వేసిన గోడల అంచుల్లో జానెడు మేర రంగు పడేది కాదు. ఒళ్ళు బద్ధకమని యజమానులు తిట్టేవాళ్ళు. పక్కనుంచి వచ్చి పలకరించినవాళ్ళ వైపు తిరిగేవాడు కాదు, పొగరనుకున్నారు. "నా కళ్ళకేం? ఎదురుగా పోతున్న చీమ కాళ్ళు లెక్కపెట్టి చెబుతా" అనేవాడు. ఒకనాడు నిచ్చెన దిగుతూ, మెట్టు లేని చోట కాలు పెట్టాడు. కింద నిచ్చెన పట్టుకున్నది నేను. తర్వాత తొమ్మిదేళ్ళు చెయ్యి గోడకు ఆనించుకుని బతికాడు. తను రంగు వేసుకున్న గోడల మీదే నడుము ఎత్తున నల్లటి చార ఒకటి పడింది. ఎంత తుడిచినా అది పోలేదు.

కిందటేడు నుంచి, తెర మరీ చిన్నది చెప్పాడని తమ్ముడి మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. నా కుట్టుకొట్టుకు, మంగలి కొట్టుకు మధ్య చెక్కగోడే అడ్డు. తమ వంతు కోసం కూర్చునేవాళ్ళు విసుక్కోకుండా ఆడుకుంటారని మంగలి ఒక కన్సోల్ కొన్నాడు. తెర ఎంతుండాలో చెప్పమని తమ్ముణ్ణి పిలిచాడు. నేనూ ఆ గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను. బెంచీ నుంచి గోడకు ఎనిమిదడుగులు. అరవై అయిదు అంటాడనుకున్నాను. వాడు కూర్చుని, కాగితం చూసి, దాన్ని రెండుసార్లు కత్తిరించి, నలభైమూడు అన్నాడు.

"మేస్త్రీ, ఇంత దూరం నుంచి నలభైమూడా?" అన్నాడు మంగలి. "వచ్చేవాళ్ళు గడ్డం గీయించుకోడానికి వస్తున్నారా, బియ్యంలో రాళ్ళు ఏరడానికా?"

"నాలుగు మూలలూ కనిపించాలంటే అంతే."

"నాకు పెద్ద కాగితానికే కనిపించాయిగా."

"నువ్వు మెడ తిప్పావు."

"పాతికేళ్ళుగా జనం మెడలు తిప్పుతున్నవాణ్ణి, నా మెడ తిరిగిందో లేదో నాకు తెలీదా?"

నేను నవ్వాను. తమ్ముడు నవ్వలేదు. ఇంటికి వెళ్తూ, "తాడు కుంచించుకుపోయిందక్కా. వానలో తడిసింది కదా, నూలు ముడుచుకుపోయింది. తప్పు లెక్క చూపిస్తోంది. మళ్ళీ ముడులు మార్చుకోవాలి" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందిరా అన్నాను. ఆ 'మళ్ళీ' అన్న మాట నా చెవిని తాకింది గానీ లోపలికి దిగలేదు.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. ఆదివారాల్లో తండ్రీ కూతుళ్ళు ఆడుకుంటారు. నా మేనకోడలు లాండ్రీలో పని చేస్తుంది. వారమంతా ఇస్త్రీపెట్టె పట్టిన చేతుల్తో ఆదివారం రిమోట్ లాంటిది పట్టుకుని వాళ్ళ నాన్నను చంపుతుంది. యాభై అయిదు అంగుళాల తెర, ఏడడుగుల దూరంలో సోఫా. ఆ సోఫాను అక్కడ కొలిచి వేసింది తమ్ముడే. ఆరోజు సోఫాలో పిల్ల ఒక్కతే ఉంది. వాడు కుర్చీ వేసుకుని వంటింటి గుమ్మంలో కూర్చున్నాడు. పన్నెండడుగులు ఉంటుంది.

"చూశారా వదినా," అంది మరదలు మురిసిపోతూ. "ఈ వయసుకి అందరూ టీవీకి ముక్కు ఆనించి చూస్తారు. మా ఆయన నెలనెలా వెనక్కి జరుగుతున్నారు. డేగకళ్ళు."

"ఇంకో ఏడాదికి పెరట్లోంచి ఆడతాడు" అన్నాను నేనూ. మూర్ఖురాల్ని.

వంటింట్లోకి వెళ్దామని వాడి కుర్చీ పక్కనుంచి దూరబోతే ద్వారబంధం నా ఎడమ భుజానికి గట్టిగా కొట్టుకుంది. ఆ గుమ్మం పెట్టిన వడ్రంగి ఎవడో గానీ మనుషుల్ని చూసి పెట్టలేదు, ఆ నెలలో నాకు తగలడం అది మూడోసారి. భుజం రుద్దుకుంటూ అక్కడే నిలబడి ఆట చూశాను. పిల్ల ప్రతిసారీ ఎడమవైపు నుంచే వచ్చి వాణ్ణి పడగొడుతోంది.

"నాన్నా, కింద మూల మ్యాపులో ఎర్రచుక్క కనపళ్ళేదా? నేను దాక్కోను కూడా లేదు."

"తెర మరీ పెద్దదైపోయిందే. నలభైమూడు తెచ్చుకుందాం."

పన్నెండడుగుల దూరం నుంచి యాభై అయిదు పెద్దదైపోయిందట. రంగు పడని గోడ అంచులు కళ్ళముందు మెదిలాయి.

మేకుకు వేలాడుతున్న తాడు తీసి కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆ తాడు నా కొట్లోదే, సరిగ్గా పదడుగులు నేను కోసిచ్చిందే. నా టేపు పెట్టి కొలిచాను. ఇప్పటికీ పదడుగులే. వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. కానీ ముడులు ఉండాల్సిన చోట లేవు. ఏళ్ళ తరబడి చేతి మురికి పట్టి తాడంతా బూడిదరంగుకు తిరిగింది. ముడి కింద దాగిన నూలు మాత్రం తెల్లగా ఉండిపోయింది. నలభైమూడు ముడి ఉండాల్సిన అయిదున్నర దగ్గర తెల్లమచ్చ ఒకటి. ఆరుంపావు దగ్గర కాస్త మాసిన మచ్చ. ఏడు దాటాక ఇంకొకటి. ఇప్పుడా ముడి ఎనిమిది దగ్గర ఉంది. మూడుసార్లు విప్పి, మూడుసార్లు వెనక్కి జరిపి కట్టాడు. ఆ మచ్చలు వరసగా చూస్తుంటే ఎవరో మెల్లగా తలుపు మూస్తున్నట్టనిపించింది.

సంచిలోంచి ఎర్రదారం ఉండ, కొలబద్ద తీశాను. ఉండను బద్ద చివర గుచ్చి, ముందుగా పిల్ల వెనక నిలబడి, ఎడమ చెవి పక్కనుంచి మెల్లగా ముందుకు జరిపాను. చెవి దాటకముందే పసిగట్టింది.

"అత్తా, ఏంటది? చెవిలో దారం ఎక్కిస్తావా?"

"నీ ఆట నువ్వు ఆడుకో."

తర్వాత తమ్ముడి వెనక్కి వెళ్ళాను. వాడు తెర మధ్యకే చూస్తున్నాడు. ఉండ చెవి దాటింది. కణత దాటింది. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అనుకుంటున్నాను. చెంప దాటింది. ఆటలోంచి తలతిప్పి చూసిన పిల్ల చేతులు ఆగిపోయాయి. కనుబొమ చివరికి వచ్చింది. దాదాపు ముక్కుకు ఎదురుగా వచ్చాక వాడు విసుక్కున్నాడు.

"అక్కా, తెరకు అడ్డం నిలబడతావేంటి?"

నేను వాడి వెనక ఉన్నాను. ఆ మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది.

మర్నాడు పొద్దున వాడు దుకాణం వ్యాను నడుపుకుంటూ వెళ్ళి, ఒక ఆటల గదిలో పెద్ద తెర పైకప్పు దగ్గర బిగించాలి. నిచ్చెన పద్నాలుగు మెట్లు.

"రేపు వ్యాను ఎక్కకు. నిచ్చెనా ఎక్కకు" అన్నాను.

"ఎందుకట?"

"నాన్న ఎక్కాడు గనక."

మరదలు చేతిలో పళ్ళెం బల్ల మీద పెట్టేసింది. వాడు ముఖం గంటు పెట్టుకున్నాడు. "నాన్నది ముసలితనం. దానికీ నాకూ లింకేంటి?"

"నాన్న పడ్డప్పుడు యాభై ఆరు. నీకెంతరా?"

వాడికి యాభై ఏడు. "నీ ప్యాంట్ల సంగతి నువ్వు చూసుకో అక్కా. నా కళ్ళు నాకు తెలుసు. తాడే పాడైంది" అన్నాడు.

వాదించడం నా చేతకాని పని కాదు. కానీ ఆరోజు తాడు తెచ్చి వాడి ఒళ్ళో వేసి, నా టేపు పక్కన పెట్టాను. "నువ్వే కొలుచుకో" అన్నాను.

కొలిచాడు. పదడుగులు. మళ్ళీ కొలిచాడు. ఆ తర్వాత బొటనవేలితో మచ్చలు ఒక్కొక్కటీ తడిమాడు. కొలవడం వాడి బతుకు, వాడికి ఒకరు విడమరిచి చెప్పక్కర్లేదు. మచ్చకూ మచ్చకూ మధ్య దూరం టేపు మీద చూసి, పెదాలు కదుపుతూ లెక్క కట్టాడు.

"ఏడాదిన్నరలో రెండున్నర అడుగులు" అన్నాడు. "ఇలాగే పోతే..."

"దుకాణానికి ఫోన్ చేసి రేపు రానని చెప్పు" అన్నాడు కూతురితో. ఆటలో వాడి మనిషి చచ్చి పడి ఉన్నాడు, తెర మళ్ళీ మొదలుపెట్టమంటారా అని అడుగుతోంది. ఎవరూ నొక్కలేదు.

కళ్ళాసుపత్రిలో వాణ్ణి తల పట్టేంత తెల్లని డొప్ప లాంటి యంత్రం ముందు కూర్చోబెట్టారు. గడ్డం ఆనించుకుని, ఒక కన్ను మూసి, మధ్యలో చుక్కకేసే చూడాలి. చుట్టూ ఎక్కడ వెలుగు చుక్క కనబడినా చేతిలో మీట నొక్కాలి. "దీనికి ఎన్ని అంగుళాలమ్మా?" అని వాడు అడిగితే అక్కడి నర్సు నవ్వింది. తలుపు కొద్దిగా తెరిచి ఉంది, నాకు డొప్ప లోపలి భాగం, వాడి బొటనవేలు కనిపిస్తున్నాయి. చుక్క వెలిగింది. వేలు కదల్లేదు. ఇంకో చుక్క. కదల్లేదు. ఇంకొకటి. నొక్కరా, నొక్కు అని లోపల్లోపల అరిచాను. మధ్యకు దగ్గరగా వచ్చిన చుక్కలకు మాత్రం ఠక్కున నొక్కుతున్నాడు, మంచి ఆటగాడిలా.

కంట్లో ఒత్తిడి పెరిగి నరం అంచులనుంచి ఎండుకొస్తోందని చెప్పింది డాక్టరమ్మ. పోయింది తిరిగి రాదు. మిగిలింది నిలబెట్టుకోడానికి జీవితాంతం కంట్లో మందుచుక్కలు వేసుకోవాలి. నిచ్చెన వద్దు, వ్యాను వద్దు.

"మరి నాకెందుకు తెలీలేదు?" అన్నాడు వాడు. "చీకటేమీ కనపళ్ళేదు."

"లేనిది కనపడదు కదండీ" అందావిడ. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా నాన్నకుండేది."

"తోబుట్టువులు?"

వాడు నన్ను చూపించాడు. పక్కనే ఉన్న నన్ను వెతకడానికి మెడ మొత్తం తిప్పాల్సి వచ్చింది.

"నాకేమీ లేదమ్మా. సూదిలో దారం ఇప్పటికీ ఒక్కసారికే ఎక్కిస్తాను" అన్నాను.

"సూది ఎదురుగా ఉంటుంది కదమ్మా" అంది డాక్టరమ్మ.

మంగలి కొట్టుకు చివరికి అరవై అయిదే వచ్చింది. తాడుకు మొట్టమొదటి మచ్చల దగ్గరే ముడులు కట్టించాను, నా టేపుతో. తమ్ముడిప్పుడు దుకాణంలోనే ఉంటాడు, కొలతలకు కాలినడకన వెళ్తాడు. తను కుర్చీలో కూర్చోడు, కొన్నవాణ్ణే కూర్చోబెట్టి మూలలు కనిపిస్తున్నాయా అని అడుగుతాడు. అవునంటే చాలు, ఒప్పుకుంటాడు. అలా ఒప్పుకోవడం వాడికి ఎంత కష్టమో వాడి పక్కన నిలబడితే తెలుస్తుంది. పొద్దునా సాయంత్రం మరదలు చుక్కలు వేస్తుంది. డేగకళ్ళ మాట మళ్ళీ ఎత్తలేదు.

నేను నాలుగు నెలలు ఆ పరీక్ష తప్పించుకున్నాను. పని ఉందన్నాను, మోకాళ్ళన్నాను. నిన్న నా కొట్టు గుమ్మమే భుజానికి తగిలింది. అది పెట్టించింది నేను. కొలతలిచ్చింది నేను. ఆ వడ్రంగిని తిట్టడానికి నోరు రాలేదు.

ఈరోజు తమ్ముడే తీసుకెళ్ళాడు. మెట్ల దగ్గర వాడు నన్ను పట్టుకున్నాడో, నేను వాణ్ణి పట్టుకున్నానో తెలియదు. గడ్డం ఆనించాను. చల్లగా ఉంది. "మధ్యలోకే చూడు అక్కా, మూలలకేసి చూడకు" అన్నాడు వెనకనుంచి. ఫలితం రేపు పొద్దున చెబుతామన్నారు. అందుకే ఇప్పుడు కూర్చుని ఇదంతా రాస్తున్నాను, చేతులు ఊరుకోవడం లేదు.

అక్కడ మీట పట్టుకుని కూర్చున్నాను. కుడికన్ను అయింది, ఎడమకన్నుకు మార్చారు. మధ్య చుక్కకేసే చూస్తున్నాను. చాలాసేపు ఒక్క వెలుగూ రాలేదు. రాలేదో, నేను చూడలేదో.