ఫ్లాస్కులో రెండు చుక్కలు

కరోనా తగ్గి కాలేజీలు తెరిచిన ఏడాది నేను నిజామాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అటెండర్‌ని. అక్కడే వాచ్‌మన్‌గా ఉంటూ మా ఆయన పోతే, ఇరవై ఏళ్ల కింద ఈ కొలువు నాకిచ్చారు. నా చదువు సంతకం వరకే. సీసాల మూతికి కట్టిన దారం రంగును బట్టి మందులను గుర్తుపట్టేదాన్ని.

మా ప్రొఫెసర్ రాఘవరావు సారు కోస్తా నుంచి వచ్చి బోధన్ దగ్గర చెరకు వేసిన కుటుంబం వారు. ఇరవై ఏళ్లూ ఆయనది ఒకటే తీరు: కళ్లు పిల్లల మీద, నోరు పాఠం మీద, చెయ్యి నా వైపు. ఒకసారి చాస్తే పిపెట్ పెట్టాలి, ఇంకోసారి చాస్తే ఫ్లాస్కు. ఆపరేషన్ చేసే డాక్టరు కూడా అంత దర్జాగా చాచడు.

ఆ ఏడు యూనివర్సిటీ వాళ్లు ఇచ్చే ఆన్‌లైన్ కోర్సు కోసం సారు పోటీపడ్డారు. పంపిన నమూనా పాఠం వాళ్లకు నచ్చితేనే అది మా కాలేజీకి; లేదంటే వేరే ఊరికి. సారు రిటైర్మెంట్‌కు ఏడాదే ఉంది, మళ్లీ అవకాశం రాదు. మొదటిసారి పంపిన వీడియో వాపసు వచ్చింది. పక్కనుంచి గాజుల చెయ్యి వస్తోంది, అది ఎవరిదని అడిగారట.

"గాజులు తీసెయ్యాల్నా సార్?" అన్నాను.

"గాజుల్ని కాదు ఎస్తేరమ్మా, నిన్నే తీసెయ్యమన్నారు."

మళ్లీ తీసి పంపడానికి గడువు ఆ రోజు సాయంత్రం ఐదు. నన్ను వరండాలో కూర్చోబెట్టి తలుపేశారు. లోపల ఫోనుతో వీడియో తీసేది చిన్న లెక్చరరు జరీనా మేడం. కిటికీలోంచి చూస్తున్నాను. సారు కెమెరాను చూస్తూ చెయ్యి చాచారు. చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

"సార్, ఇయ్యనీకి ఎవ్వరు లేరిక్కడ," అంది మేడం.

మూడోసారికి కుదురుకున్నారు. ఫ్లాస్కులో ఆమ్లం ఉంటుంది. బ్యూరెట్ అనే గీతల గొట్టంలోంచి క్షారం చుక్కచుక్కగా వదలాలి. సరిపోయిన క్షణాన గులాబీ రంగు రావాలి. "ఇప్పుడు వస్తుంది, చూడండి," అన్నారు సారు. రాలేదు. గొట్టం సగమైంది. "వస్తుంది," అన్నారు మళ్లీ, ఈసారి ఫ్లాస్కుతో.

నాకప్పుడు వెలిగింది. రంగు చూపే ఇండికేటర్ రెండు చుక్కలు ఫ్లాస్కులో వేసి చేతికివ్వడం ఇన్నేళ్లూ నా పనే.

"సార్! సుక్కలెయ్యలే! ఎర్రదారం సీసా!" అని కేకేశాను.

మేడం నవ్వుకు ఫోను ఊగింది. "ఖతం సార్, అక్క గొంతు గూడ వీడియోల ఎక్కింది. మళ్ల తీస్తె పంపే టైం ఉండది."

సారు ఎర్రదారం సీసా తెచ్చి రెండు చుక్కలు వేశారు. ఫ్లాస్కంతా ఒక్కసారే ముదురు గులాబీ.

"చూశారుగా, సరిపోయే చుక్కను ఎప్పుడో దాటిపోయాం," అన్నారు కెమెరాతో. "మీరు చేసేటప్పుడు కిటికీలో ఎస్తేరమ్మ ఉండదు. చుక్కలు ముందే వేసుకోండి."

అదే పంపారు. కోర్సు మాకే వచ్చింది, ఒక షరతుతో: ప్రతి ప్రయోగానికీ ముందు జరిగే సన్నాహం కూడా చూపించాలి. ఆ భాగాలన్నీ నా చేతులతోనే తీశారు, గాజులతో సహా.

పాఠం తయారుచేసేవారు తమ చేతికి ఏది ఎవరు అందిస్తున్నారో ముందు రాసుకోవాలి. అది వదిలేస్తే నేర్చుకునేవాడి ఫ్లాస్కులో రంగు రాదు.